చిల్లరతో పాటే పోయిన టిప్పు

హోటల్లో బిల్లు 860 రూపాయలైందనుకోండి. పదేళ్ల కిందట కస్టమర్ బిల్లు ఫోల్డర్‌లో రెండు ఐదొందల నోట్లు పెట్టేవాడు. కౌంటర్ దగ్గరికెళ్లి 140 చిల్లర తేవాలి. సర్వర్ తెలివంతా ఆ తేవడంలోనే ఉండేది. వంద, ఇరవై, రెండు పదులు తెచ్చామా, కస్టమర్ ఒక పది వదిలేసి లేచిపోతాడు. వంద, రెండు ఇరవైలు తెస్తే ఇరవై వదులుతాడు, మనసు బాగుంటే నలభై. రెండు యాభైలు, రెండు ఇరవైలు తెస్తే ఒక్కోసారి యాభై కూడా పడేది, కానీ అది ఆఫీసు పార్టీల దగ్గరే పనిచేసేది. ఎవరికి ఏ నోట్లు తేవాలో క్యాషియర్‌కి కళ్లతోనే చెప్పేవాళ్లం. పది రూపాయల బిళ్లలు మాత్రం వద్దనేవాళ్లం. అవి చెల్లవని ఊరంతా పుకారు, పాన్‌డబ్బా వాడు కూడా తీసుకునేవాడు కాదు. అందుకేనేమో కస్టమర్లు అవే ధారాళంగా వదిలిపెట్టేవాళ్లు.

ఇప్పుడు టేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంది. 860 అంటే 860. ఫోన్ టింగుమంటుంది, కుర్చీ వెనక్కి జరుగుతుంది, అయిపోయింది.

జనం పిసినారులయ్యారని ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అప్పుడు టిప్పు పెట్టినాయనే ఇప్పుడూ వస్తున్నాడు, అదే బిర్యానీ తింటున్నాడు, అలాగే నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అప్పుడు మాత్రం ఇద్దామని నిర్ణయించుకుని ఇచ్చాడా? లేదు. చేతికి తిరిగొచ్చిన దాంట్లో కొంత తీసుకోకుండా లేచాడు, అంతే. ఇప్పుడు చేతికి తిరిగొచ్చేదేమీ లేదు. టిప్పు ఇవ్వాలంటే పనిగట్టుకుని ఆలోచించాలి, జేబులో నోటు వెతకాలి, ఆ జేబులో నోటే ఉండదు. 2016లో యూపీఐ మొదలైంది, అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాత నగదు మళ్లీ వచ్చింది కానీ హోటల్ టేబుల్ మీదికి పూర్తిగా రాలేదు. మన దగ్గర టిప్పు కస్టమర్ దయ మీద నడిచిందనుకున్నాం, చిల్లర మీద నడిచిందని అది పోయాక తెలిసింది. ఆ పోయిన డబ్బు హోటల్ ఓనరే జీతంలో పెట్టాలన్నది నా వాదన. కస్టమర్‌ని బతిమాలో, సిగ్గుపడేలా చేసో రాబట్టే దారి మనకి లేదు, ఉండకూడదు కూడా.

నేను హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి ఒక స్టార్ హోటల్లో స్టీవర్డ్‌గా, అంటే వడ్డించేవాడిగా మొదలుపెట్టాను. తర్వాత కూకట్‌పల్లి వైపు ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌లో కెప్టెన్‌గా, అంటే సర్వర్ల పైవాడిగా చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు రెస్టారెంట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, నేర్పించి వచ్చే పని. ట్రే పట్టుకుని తిరిగిన ఫ్లోర్ల మీదే ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటున్నాను. దాంతో కౌంటర్‌కి రెండు వైపులా ఏం మాట్లాడుకుంటారో వినబడుతుంది.

బయటివాళ్లకి తెలియని సంగతి బ్రేక్ షిఫ్ట్. పొద్దున పదకొండుకి ఎక్కితే మధ్యాహ్నం మూడున్నర దాకా ఒకటి. మళ్లీ సాయంత్రం ఆరున్నర నుంచి ఆఖరి టేబుల్ లేచేదాకా. మధ్యలో ఆ మూడు గంటలకి జీతం లేదు, ఇంటికెళ్లి రావడానికి టైమూ లేదు. అందుకే కుర్రాళ్లు పైనున్న రూమ్‌లో చాపల మీద వరుసగా పడుకుంటారు. హైదరాబాద్ ఫ్లోర్ మీద ఇప్పుడు ఒడిశా, బెంగాల్, బిహార్, అస్సాం కుర్రాళ్లే ఎక్కువ, నేపాల్ వాళ్లూ ఉన్నారు. తిండీ రూమూ మేమే ఇస్తున్నాం కదా అని ఓనర్ జీతం మాట్లాడేటప్పుడే వాటిని లెక్కేస్తాడు. నా రోజుల్లో జీతం మొత్తం ఇంటికి పంపేసి టిప్పు డబ్బుతో ఇక్కడ బతికేవాళ్లం. సబ్బు, రీఛార్జ్, ఆదివారం సినిమా, జ్వరమొస్తే మాత్ర, అన్నీ అందులోంచే. ఆ చిన్న డబ్బు ఆగిపోతే ఇంటికి పంపేదాంట్లో కోత పడుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఆ చిన్న డబ్బు కూడా పూర్తిగా చేతికొచ్చేది కాదు. స్టార్ హోటల్లో పాయింట్ల పద్ధతి ఉండేది. టిప్పులన్నీ డబ్బాలో వేయాలి, నెలాఖరుకి హోదాని బట్టి పాయింట్లేసి పంచుతారు. కెప్టెన్‌కి ఎక్కువ, ట్రైనీకి తక్కువ. కాగితం మీద బాగానే ఉంటుంది. ఫ్యామిలీ రెస్టారెంట్‌లో డబ్బా తాళంచెవి మేనేజర్ దగ్గర. గ్లాసు పగిలితే డబ్బాలోంచి కట్. వంటింటికి పంపే ఆర్డర్ చీటీలో మటన్ బదులు చికెన్ అని రాస్తే, వెనక్కొచ్చిన ప్లేటు డబ్బు రాసినవాడి మీద. ఒకసారి ఆరుగురు కుర్రాళ్లు ఫోన్ మాట్లాడుతున్నట్టు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. ఆఖరివాడు చేతులు కడుక్కోవడానికని వెళ్లి అటే పోయాడు. ఆ బిల్లు ఆ సెక్షన్ చూస్తున్న సర్వర్ వాటాలోంచి వారాల తరబడి కోసుకున్నారు. కస్టమర్ సర్వర్‌కని వదిలిన ఇరవై రూపాయలు అలా గాజు గ్లాసులకీ పారిపోయినవాళ్ల బిర్యానీకీ వెళ్లేది.

ఇక వంటింటి సంగతి. దమ్ మీద బిర్యానీ దించే మాస్టర్‌కీ, తందూర్ ముందు చెమటలు కక్కుతూ రోటీలు వేసేవాడికీ, వెనకాల నీళ్లలో నిలబడి పాత్రలు తోమే ఆమెకీ మా డబ్బాలో వాటా లేదు. బాగుందని కస్టమర్ మెచ్చుకుంది ఎవరి చేతివంటని? టిప్పు వెళ్లింది ప్లేటు మోసినవాడికి. మోసినవాణ్ని నేనే కాబట్టి అప్పట్లో నాకది తప్పనిపించలేదు.

టిప్పు పెట్టేవాళ్లు కూడా బిల్లు చూసి పెడతారు, పని చూసి కాదు. దీన్ని మించిన ఉదాహరణ మన భోజన హోటళ్లు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఫుల్ మీల్స్ పెట్టే చోట కూర్చుని చూడండి. ఆకు వేసి, నీళ్లు పెట్టి, పప్పు, కూర, వేపుడు, పచ్చడి, పొడి, నెయ్యి, సాంబారు, రసం, పెరుగు, మళ్లీ అన్నం. ఒక్కో ఆకు దగ్గరికి పది పన్నెండుసార్లు వస్తాడు. చేతిలో బరువైన బకెట్, ఎదురుగా కుర్చీ ఖాళీ కోసం నిలబడి ఉన్న జనం, ‘బాబూ ఇటు సాంబారూ’ అని మూడు వైపుల నుంచీ కేకలు. అతనికి టిప్పు లేదు. టోకెన్ ముందే కొనేశాం, ఇంకేం ఇస్తాం? అదే ఏసీ రెస్టారెంట్‌లో నేను నాలుగు ప్లేట్లు తెచ్చి, రెండుసార్లు వాటర్ బాటిల్ కావాలా అని అడిగితే వంద. నా చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, లైట్లు మసకగా ఉన్నాయి, బిల్లు రెండు వేలు దాటింది. వంద రూపాయల తేడా అక్కడే ఉంది.

టిప్పుంటేనే సర్వీస్ బాగుంటుందని వాదించేవాళ్లున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, టిప్పు ఆ ‘మనవాణ్ని’ కొనుక్కునే పద్ధతి. రెగ్యులర్‌గా వచ్చి బాగా పెట్టేవాళ్లకి లెగ్ పీస్ చూసి వేయిస్తాం, పక్క వాళ్ల కంటే ముందు టేబుల్ చూస్తాం. నిజమే. మరి వెనకబడిన ఆ పక్క టేబుల్ ఎవరిది? ఎవరో ఒకరు ఆగారన్నమాట. ఒంటరిగా వచ్చి సింగిల్ బిర్యానీ చెప్పే అమీర్‌పేట కోచింగ్ కుర్రాడు ఆగుతాడు. పిల్లలతో వచ్చి కింద అన్నం మెతుకులు పోస్తారని పెద్ద కుటుంబాలు ఆగుతాయి. కస్టమర్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే ఎంత వదులుతాడో మనసులో లెక్క వేసేస్తాం. కెప్టెన్‌గా సెక్షన్లు పంచేది నేనే కాబట్టి చెప్తున్నాను, కిటికీ పక్క ఆరు సీట్ల టేబుళ్ల కోసం సర్వర్ల మధ్య ఎంత రాజకీయం నడిచేదో. ఆడపిల్లలు ఫ్లోర్ మీద పనిచేసే చోట సంగతి ఇంకో రకం. ఫోన్ నంబరు అడిగినవాడి ముందు కూడా నవ్వు చెదరకూడదు, ఎందుకంటే ఫోల్డర్ ఇంకా వాడి చేతిలోనే ఉంది.

సరే, కస్టమర్ కోణం. బిల్లులో ఇన్ని లైన్లుంటే వేరే టిప్పెందుకని ఆయన అడిగితే తప్పు లేదు. జీఎస్‌టీకి ముందు ఏసీ రెస్టారెంట్ బిల్లు మీద సర్వీస్ ట్యాక్స్ ఉండేది. బిల్లులో నలభై శాతం మీద 15 శాతం, అంటే మొత్తం మీద ఆరు. పేరులో సర్వీస్ ఉంది కాబట్టి అది మాకే వస్తుందని సగం మంది నమ్మేవాళ్లు. ‘ఆల్రెడీ సర్వీస్‌కి ఇచ్చేశాం కదా తమ్ముడూ’ అని లేచేవాళ్లు. అది ప్రభుత్వానికి వెళ్లేది. 2017 నవంబర్ నుంచి రెస్టారెంట్లకి 5 శాతం జీఎస్‌టీ వచ్చింది, అదీ ప్రభుత్వానిదే. వీటి మధ్యలో సర్వీస్ ఛార్జ్ అని ఇంకో లైను. ఇది మాత్రం హోటల్‌ది, సిబ్బందికి పంచుతున్నామని చెప్పి వేస్తారు. పంచేవాళ్లూ ఉన్నారు, పంచనివాళ్లూ ఉన్నారు.

సర్వీస్ ఛార్జ్ ఇవ్వాలా వద్దా అన్నది కస్టమర్ ఇష్టమని కేంద్ర వినియోగదారుల శాఖ 2017లోనే చెప్పింది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకా గట్టిగా మార్గదర్శకాలిచ్చింది. బిల్లులో దానంతట అది పడకూడదు, ఇంకో పేరుతో వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవాణ్ని లోపలికి రానివ్వకపోవడం కుదరదు. రెండు హోటల్, రెస్టారెంట్ సంఘాలు కేసు వేస్తే ఆ నెలలోనే ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది. 2023లో కేసు నడుస్తుండగా, వాటిలో ఒక సంఘం సభ్యులు ఆ లైనుకి ‘స్టాఫ్ కంట్రిబ్యూషన్’ అని పేరు మార్చి, పది శాతం దాటకుండా వేసుకోవచ్చని తాత్కాలికంగా చెప్పింది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు మార్చమని నాకే ఫోన్లొచ్చాయి. పేరు మారిస్తే స్టాఫ్‌కి చేరుతుందా అని అడిగితే అటు నుంచి నవ్వు. చివరికి 2025 మార్చి 28న హైకోర్టు మార్గదర్శకాలని సమర్థించింది, కేసు వేసిన రెండు సంఘాలకీ తలా లక్ష రూపాయల ఖర్చులు వేసింది. వాళ్లు అప్పీలుకి వెళ్లారు.

ఓనర్లు ఈ తీర్పుని తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆ మార్గదర్శకాల్లో ఒక మాట బాగా నచ్చింది. తిండికి వేసే ధరలోనే సర్వీస్ కూడా కలిసి ఉంటుందన్నారు. ఉంటే మంచిదే, నేనూ అదే అడుగుతున్నా. ఆ ధరలోంచి సర్వర్‌కి రావలసింది వస్తోందా?

టిప్పు జీతం కాదని చట్టం కూడా స్పష్టంగానే ఉంది. కార్డు బిల్లుతో వచ్చిన టిప్పుని హోటల్ సిబ్బందికి పంచుతుంటే, జీతంలాగే దాని మీదా ముందుగానే పన్ను (టీడీఎస్) కోయాలని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. 2016లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు కాదంది. అది కస్టమర్ ఇచ్చిన డబ్బు, యజమాని ఇచ్చింది కాదు, కాబట్టి జీతం కిందికి రాదు. ఉద్యోగికి అది ఇతర ఆదాయం. పన్ను మాటకొస్తే మంచి తీర్పే. కానీ సర్వర్ వైపు నుంచి చూడండి. జీతం కాదు కాబట్టి దాని మీద పీఎఫ్ లేదు. బ్యాంకు లోను ఇచ్చేటప్పుడు అది కనబడదు. ఇన్నేళ్లు నేను సంపాదించిన దాంట్లో పెద్ద ముక్క ఎక్కడా నమోదు కాలేదు. యజమానికి ఇంతకంటే చవకైన ఏర్పాటు ఉంటుందా?

అమెరికాలో ఉన్న మన వాళ్లు ఈ మాట వింటే, అక్కడ ఇరవై శాతం ఇస్తున్నాం, ఇక్కడ కూడా అలవాటు చేయాలంటారు. వద్దు. అక్కడ అలా ఇవ్వాల్సి రావడానికి కారణం ఉంది. టిప్పు తీసుకునే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు వేతనం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి మారలేదు. మిగతాది టిప్పుతో కలిసి మామూలు కనీస వేతనమైన 7.25 డాలర్లకి చేరాలి, చేరకపోతే తేడా యజమాని వేయాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఆ తేడా ఒప్పుకోక అందరికీ పూర్తి కనీస వేతనం ఇప్పిస్తున్నాయి. అంటే చాలా చోట్ల కస్టమర్ ఇచ్చే ఇరవై శాతంలో మొదటి భాగం ఓనర్ జేబుని కాపాడుతోంది. ఆ పద్ధతి తెచ్చి గచ్చిబౌలిలో నాటాలా? అన్నట్టు, డాలస్‌లో కార్డు మెషీన్ మీద పద్దెనిమిది శాతం టిప్పు బటన్ నొక్కి వచ్చిన మా బంధువు ఒకాయన ఇక్కడ మూడు వేల బిల్లు మీద ఇరవై రూపాయలు పెట్టడం నేను చూశాను. ఆయన మారలేదు, ఎదురుగా ఉన్న బటన్ మారింది.

మరి డబ్బెక్కడి నుంచి వస్తుందంటారు ఓనర్లు. లెక్క చూద్దాం. మధ్యస్థమైన హోటల్ ఒకటి, రోజుకి 300 మంది కూర్చుని తింటారు, తలకి సగటున 350 రూపాయలు. రోజు అమ్మకం 1,05,000. మెనూ మీద 5 శాతం పెంచితే రోజుకి 5,250, నెలకి 1,57,500. ఫ్లోర్, వంటిల్లు, పాత్రలు తోమే ఆమె, అంతా కలిపి ఇరవై మంది అనుకుంటే మనిషికి 7,800 పైనే. 340 రూపాయల బిర్యానీ 357 అవుతుంది. పెంచిన జీతం మీద పీఎఫ్, ఈఎస్ఐ యజమాని వాటా పడుతుంది కాబట్టి చేతికొచ్చేది కొంత తగ్గుతుంది. తగ్గినా చాలా హోటళ్లలో ఇప్పుడు వస్తున్న టిప్పు కంటే ఎక్కువే, పైగా వంటింటికి కూడా వస్తోంది.

ఎదురు హోటల్ వాడు పెంచకపోతే కస్టమర్ అటు పోతాడన్నది వాళ్ల భయం. ఫుడ్ డెలివరీ యాప్‌ల కమీషన్ ఇప్పటికే నడుం విరుస్తోందన్నది రెండోది. రెండూ ఉత్తుత్తి మాటలు కావు, రోజూ వాళ్ల లెక్కలు చూస్తాను కాబట్టి తెలుసు. కానీ 2023 జులైలో టమాటా కొండెక్కినప్పుడు, నూనె ధర పెరిగినప్పుడల్లా, మెనూ కార్డు మీద పాత రేటు కనబడకుండా తెల్ల స్టిక్కర్ అంటించి కొత్త రేటు రాసింది ఎవరు? టమాటా దిగొచ్చాక ఆ స్టిక్కర్ పీకిన హోటల్ నాకైతే కనబడలేదు. సర్వర్ పేరు చెప్పి ఒక్కసారైనా స్టిక్కర్ అంటిస్తే ఏం?

అప్పటిదాకా కస్టమర్‌గా ఏం చేయాలని నన్ను అడుగుతుంటారు. టిప్పు పద్ధతి నచ్చదని మానేస్తే ఓనర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, దెబ్బ ఫ్లోర్ మీదే. ఇవ్వాలనుంటే నగదుగా ఇవ్వండి, ఫోల్డర్‌లో కాకుండా చేతిలో పెట్టండి. పర్సులో నాలుగు యాభై నోట్లు విడిగా ఉంచుకుంటే చాలు. బిల్లులో సర్వీస్ ఛార్జ్ ఉంటే తీసేయమనండి, ఆ హక్కు మీకుంది, తీయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తీయించి మిగిలిన డబ్బు సర్వర్ చేతిలో పెట్టినవాళ్లని ఒకరిద్దర్ని చూశాను, మేనేజర్ ముఖం చూడాలి అప్పుడు. నా ప్రకారం భోజన హోటల్లో బకెట్ పట్టుకుని తిరిగే ఆయనకే మొదట ఇవ్వాలి.

ఈ మధ్య మియాపూర్ వైపు ఒక ఓనర్‌కి పైన చెప్పిన లెక్క చూపించాను. ఆయన చిన్నవాడే, తండ్రి నడిపిన హోటల్ చేతికొచ్చి కొద్ది కాలమైంది. రెండు రోజులు ఆలోచించి మెనూ రేట్లు మార్చమన్నాడు, జీతాలు పెంచి టిప్పు డబ్బా తీసేద్దామన్నాడు. నేను సంబరపడ్డాను. ఒప్పుకోనిది సర్వర్లు. పాత సర్వర్లకి కిటికీ టేబుళ్ల మీద ఇంకా బాగానే వస్తోంది, అందరితో సమానం అంటే వాళ్లకి నష్టం. మిగతా వాళ్ల అభ్యంతరం వేరు. ఒడిశా నుంచి వచ్చిన ఒక సర్వర్, వయసులో అందరికంటే పెద్దవాడు, నన్ను పక్కకి పిలిచాడు. ‘అన్నా, టిప్పు రాత్రికి రాత్రే చేతికొస్తుంది. పెంచిన జీతం ఎప్పుడిస్తారు? ఇక్కడ పదిహేనో తారీఖు దాకా పాత జీతమే రాదు’ అన్నాడు. చిన్న సంస్థల్లో ఏడో తారీఖు లోపు జీతం ఇచ్చేయాలన్నది 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఉన్న నియమమే. ఆ ఫ్లోర్ మీద ఎవరికీ తెలియదు, ఓనర్‌కి కూడా.

ఓనర్‌కి చెబితే ఏడో తారీఖుకి ఒప్పుకున్నాడు. సర్వర్లు కూడా ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. వరసగా మూడు నెలలు ఏడుకల్లా జీతం పడేదాకా డబ్బా కౌంటర్ మీది నుంచి తీయకూడదు, తాళంచెవి ఆ ఒడిశా పెద్దాయన దగ్గరే ఉండాలి. ఓనర్ కాస్త గొణిగాడు కానీ తాళంచెవి ఇచ్చేశాడు. మొదటి నెల జీతం ఆరునే పడింది.